బరువు చూసి స్ప్రింగు, స్ప్రింగు చూసి షాకబ్జర్

సంత రోజున శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డు మీద కాసేపు నిలబడితే, మోటార్‌సైకిల్ వెనక షాకబ్జర్ ఎంత చాకిరీ చేస్తుందో కళ్లకు కడుతుంది. బొర్రా వైపు నుంచి వచ్చే 100, 125 సీసీ బళ్ల మీద ఇద్దరేసి, ముగ్గురేసి మనుషులు. ట్యాంకు మీద పిల్లాడు, వెనక కట్టిన మిరియాల మూటో కాఫీ గింజల బస్తానో. సరుకు అమ్మాక అదే బండి మీద ఒక్క మనిషే ఇంటిదారి పడతాడు. పొద్దున రెండొందల కిలోలు మోసిన స్ప్రింగే సాయంత్రం అరవై కిలోలు మోయాలి. కంపెనీ ఇంజనీరు స్ప్రింగును ఎంచేటప్పుడు ఈ రెండు ప్రయాణాలనూ లెక్కలోకి తీసుకుంటాడు. అందుకే ఆ స్ప్రింగు అందరికీ కొంత సరిపోతుంది, ఎవరికీ పూర్తిగా సరిపోదు.

రేసు బండి సంగతి వేరు. దాని మీద ఎక్కేది ఒక్కరే. ఆ ఒక్కరి బరువు తెలుసు, తొడిగే లెదర్ సూటు, హెల్మెట్, బూట్ల బరువు తెలుసు, ట్యాంకులో ఎంత పెట్రోలు పోస్తారో తెలుసు. ఇన్ని తెలిసినప్పుడు ఆ ఒక్కరికి సరిపడే స్ప్రింగు వేసుకోవచ్చు. వెనక షాకబ్జర్ మార్చడానికి అసలు కారణం ఇదే. బంగారు రంగు సిలిండరు, పక్కన వేలాడే గ్యాస్ డబ్బా, పెట్టె మీద పెద్ద కంపెనీ పేరు ఇవన్నీ ఆ తర్వాతి మాట.

మన కొండల్లోని కుర్రాళ్లకు బండి మీద అదుపు చిన్నప్పటి నుంచే అలవాటవుతుంది. వానకు తడిసిన ఎర్రమట్టి దారి, పొగమంచు కమ్మిన మలుపు, రోడ్డుకు అడ్డంగా వచ్చే పశువులు ఆ చదువు చెబుతాయి. అయితే ఆ చదువును పరీక్షించుకునే చోటు ఘాట్ రోడ్డు కాదు. గాలికొండ మలుపుల్లో ఆర్టీసీ బస్సులు, పర్యాటకుల కార్లు, తల మీద కట్టెల మోపుతో నడిచివెళ్లే ఆడవాళ్లు ఉంటారు. అక్కడ ఒక పొరపాటు జరిగితే పోయేది మరొకరి ప్రాణం. రేసు ట్రాక్ మీదే జరగాలి. తెలుగు నేల నుంచి వెళ్లేవారికి అందుబాటులో ఉన్న పెద్ద ట్రాక్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని 1990లో తెరిచింది, పొడవు 3.717 కి.మీ. ఇంకా దక్షిణానికి వెళ్తే కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, అది దీనికన్నా చిన్నది, సుమారు 2.1 కి.మీ. విశాఖ నుంచి చెన్నైకే జాతీయ రహదారి మీద దాదాపు 800 కి.మీ. బొర్రా నుంచి విశాఖకు మరో 90. ఈ దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి. షాకబ్జర్ ఎంపికలో దీనికీ ఒక ఓటుంది.

డబ్బు బయటికి తీసేముందు చదవాల్సింది రూల్ బుక్. భారత జాతీయ మోటార్‌సైకిల్ రేసింగ్ పోటీల్లో ప్రో-స్టాక్ 165 సీసీ, ప్రో-స్టాక్ 301-400 సీసీ, కొత్తవారికి నొవిస్ స్టాక్ వంటి తరగతులుంటాయి. ఏ తరగతిలో షాకబ్జర్ మార్చవచ్చు, ఎందులో స్ప్రింగు ఒక్కటే మార్చవచ్చు, ఎందులో కంపెనీ ఇచ్చినదాన్నే ఉంచాలి అన్నది ఆ ఏడాది నిబంధనల్లో ఉంటుంది. పోయిన ఏడాది పుస్తకం పనికిరాదు. టీవీఎస్ 1994 నుంచి నడుపుతున్న వన్ మేక్ పోటీల్లాంటి చోట బండిని కంపెనీయే ఇస్తుంది కాబట్టి అక్కడ ఎంపిక ప్రశ్నే రాదు. మొదటి ఏడాది అలాంటి పోటీలో దిగి, సొంత బండి కట్టే పని రెండో ఏడాదికి పెట్టుకోవడం మంచి దారి. ఈలోగా తన నడక ఎలాంటిదో రైడర్‌కు తెలుస్తుంది.

ఇక షాకబ్జర్ లోపలికి వెళ్దాం. అందులో రెండు వేర్వేరు పనులు చేసే రెండు భాగాలున్నాయి. స్ప్రింగు బరువును మోస్తుంది. ఎంత నొక్కితే అంత ఎదురు తన్నుతుంది, ఆ శక్తినంతా దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని ఒంటరిగా వదిలేస్తే ఒక గుంతకు బండి నాలుగైదు సార్లు ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగురుడును ఆపేది డ్యాంపర్. అంటే నూనె నిండిన గొట్టం, అందులో కదిలే పిస్టన్, పిస్టన్‌కు సన్నని బెజ్జాలు, వాటిని మూసి తెరిచే పల్చటి ఉక్కు బిళ్లలు. సైకిల్ పంపు కొనకు వేలు అడ్డం పెట్టి నెమ్మదిగా నొక్కితే గాలి జారిపోతుంది, విసురుగా నొక్కితే పిడి కదలనంటుంది. డ్యాంపర్ స్వభావమూ అదే. బరువు ఎంతన్నది దానికి పట్టదు, ఎంత వేగంగా కదుపుతున్నారన్నదే దానికి లెక్క. కదలిక ఆపడానికి అది తీసుకున్న శక్తంతా నూనెలో వేడిగా మారుతుంది.

స్ప్రింగు చేయాల్సిన పనిని డ్యాంపర్ మరలతో చేయించబోవడం ఔత్సాహిక రేసర్లలో మామూలుగా కనిపించే తప్పు. వెనక భాగం మరీ కిందికి కూర్చుంటోందని, నలిగే వేగాన్ని తగ్గించే కంప్రెషన్ మర బిగిస్తారు. దాంతో కూర్చోవడం కాస్త ఆలస్యమవుతుంది తప్ప ఆగదు. పైగా చిన్న గతుకు కూడా నడుముకు తగలడం మొదలవుతుంది.

సరైన స్ప్రింగు ఏదో లెక్క వేసి చూడవచ్చు. ఒక బండికి వెనక చక్రం 130 మి.మీ. పైకి కదిలితే షాకబ్జర్ 52 మి.మీ. నలుగుతుందనుకుందాం. చక్రం కదలికను షాకబ్జర్ కదలికతో భాగిస్తే 2.5 వస్తుంది. స్ప్రింగు మీద 100 న్యూటన్/మి.మీ. అని రాసి ఉంటే, చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆ బలాన్ని 2.5 వర్గంతో, అంటే 6.25తో భాగించాలి. 16 న్యూటన్లు మిగులుతాయి. ఇప్పుడు 60 కిలోల రైడర్ రేసు దుస్తులన్నీ వేసుకుని 70 కిలోలు తూగితే, అందులో సుమారు 60 శాతం, అంటే 42 కిలోలు వెనక చక్రం మీద పడతాయి. అది 412 న్యూటన్లు. పదహారుతో భాగిస్తే రైడర్ ఎక్కగానే వెనక భాగం మరో 26 మి.మీ. దిగుతుందని తేలుతుంది. ట్రాక్ బండికి అది చక్కటి అంకె.

అదే బండి మీద 85 కిలోల రైడర్ ఎక్కితే? దుస్తులతో 95 కిలోలు. వెనక చక్రం వాటా 57 కిలోలు, 559 న్యూటన్లు. బండి మరో 35 మి.మీ. దిగుతుంది. ఒకే షాకబ్జర్, ఒకే మర అమరిక, మనిషి మారేసరికి 9 మి.మీ. తేడా. వెనక అంత దిగితే ముందు భాగం పైకి లేస్తుంది, హ్యాండిల్ బద్ధకిస్తుంది, మలుపులో బండి బయటి అంచుకు జారిపోతూ ఉంటుంది. ఈ రెండో రైడర్‌కు 130 నుంచి 135 న్యూటన్/మి.మీ. మధ్య స్ప్రింగు కావాలి. నాలుగు రెట్లు ఖరీదైన షాకబ్జర్ కొన్నా, అందులో 100 న్యూటన్ స్ప్రింగే ఉంటే ఆ రైడర్ ఇబ్బంది తీరదు. డబ్బు పోతుంది, ల్యాప్ టైము ఉన్నచోటే ఉంటుంది.

ఇక్కడ ప్రీలోడ్ గురించి గట్టిగా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. స్ప్రింగు పైనుండే రింగును బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని ఊళ్లో మెకానిక్ నుంచి ట్రాక్ మీది కుర్రాడి దాకా చాలామంది నమ్మకం. గట్టిపడదు. 100 న్యూటన్ స్ప్రింగును ఎంత బిగించినా, మరో మిల్లీమీటరు నలగడానికి అడిగేది మరో 100 న్యూటన్లే. ప్రీలోడ్ మార్చేది బండి నిలబడే ఎత్తును. మూటతో ఘాటెక్కేముందు సీ ఆకారపు స్పానర్‌తో షాకబ్జర్‌ను రెండు మెట్లు పైకి తిప్పడం తెలివైన పనే, ఎందుకంటే కిందికి దిగిపోయిన బండి దానివల్ల మళ్లీ లేస్తుంది. స్ప్రింగు మాత్రం పాత స్ప్రింగే.

బండి ఎంత దిగుతోందో కొలిచి చూసుకోవడానికి కొలత టేపు, ఇద్దరు స్నేహితులు చాలు. ముందుగా బండిని స్టాండు మీద ఎత్తి వెనక చక్రాన్ని పూర్తిగా వేలాడనివ్వాలి. యాక్సిల్ నట్టు మధ్య నుంచి సరిగ్గా నిటారుగా పైన, సీటు కింది ప్లాస్టిక్ మీద ఒక టేపు ముక్క అంటించి, ఆ దూరం కొలిచి రాయాలి. తర్వాత బండిని దించి, సీటు పట్టుకుని ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవాలి. మళ్లీ ఒకసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలవాలి. లోపలి సీళ్లు, బుష్షుల రాపిడి వల్ల రెండు అంకెలూ ఒకటి కావు, సగటు తీసుకోవాలి. మొదటి కొలతలోంచి ఈ సగటు తీసేస్తే వచ్చేది ఖాళీ బండి స్యాగ్. ఆపైన రైడర్ హెల్మెట్‌తో సహా అన్నీ తొడుక్కుని, ఫుట్‌పెగ్‌ల మీద కాళ్లు పెట్టి, రేసులో వంగినట్టే వంగి కూర్చోవాలి. ఒక స్నేహితుడు ముందు చక్రాన్ని కాళ్ల మధ్య ఇరికించి బండిని నిలబెడితే, మరొకరు అదే పద్ధతిలో రెండుసార్లు కొలవాలి. వచ్చేది రైడర్ స్యాగ్. యాక్సిల్‌కూ టేపు ముక్కకూ మధ్య కొలత టేపు వంకరపోయిందా, అంకె మారిపోతుంది. అందుకని మూడు కొలతలూ ఒకే మనిషి తీయడం మంచిది.

ట్రాక్ బండికి వెనక రైడర్ స్యాగ్, అంటే బండి తన బరువుకు దిగినది కూడా కలిపి, 30 నుంచి 35 మి.మీ. మధ్య, ఖాళీ స్యాగ్ 5 నుంచి 10 మధ్య ఉంటే మొదలుపెట్టడానికి బాగుంటుంది. ముందు ప్రీలోడ్ తిప్పి రైడర్ స్యాగ్‌ను 32కు తేవాలి. అప్పుడు ఖాళీ స్యాగ్ ఎంతుందో చూడాలి. అసలు కథ చెప్పేది ఈ రెండో అంకే. ఖాళీ స్యాగ్ సున్నాకు వచ్చేసి, బండి తనంతట తాను ఒక్క మిల్లీమీటరు కూడా దిగకపోతే స్ప్రింగు ఎక్కువ గట్టిగా ఉందని అనిపిస్తుంది. నిజం అందుకు తలకిందులు. స్ప్రింగు మెత్తన కాబట్టి రైడర్ బరువుకు నిలబెట్టడానికి దాన్ని విపరీతంగా బిగించాల్సి వచ్చింది, ఆ బిగింపే ఖాళీ బండిని పైకి తన్ని ఉంచుతోంది. పైన లెక్క వేసిన 85 కిలోల రైడర్‌కు జరిగేది సరిగ్గా ఇదే. ఖాళీ స్యాగ్ 15, 20 చూపిస్తే స్ప్రింగు ఆ రైడర్‌కు గట్టిదని అర్థం. షాపులో అమ్మేవాడు చెప్పినా చెప్పకపోయినా, ఈ రెండు అంకెలు తెలిసిన మనిషి మోసపోడు.

మరో బండి షాకబ్జర్ తెచ్చి బిగించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పెద్ద బండిది కాబట్టి గొప్పదని ఆశ. దీన్ని అర్థం చేసుకోవడానికి కాస్త వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు చాలా బళ్లకు వెనక రెండు షాకబ్జర్లే. బెల్జియం ఇంజనీరు లూసియాన్ తిల్కెన్స్ రూపొందించిన ఒంటి షాకబ్జర్, అంటే మోనోషాక్ పద్ధతిని యమహా తీసుకుంది, 1973లో హాకన్ ఆండర్సన్ ఆ పద్ధతి ఉన్న యమహా మీదే 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. మన మామూలు ఇళ్లకు మోనోషాక్‌ను 2004లో హోండా యూనికార్న్ తెచ్చింది. ఆ మోనోషాక్‌లలో మళ్లీ రెండు జాతులు. కేటీఎం 390 డ్యూక్‌లో షాకబ్జర్ నేరుగా, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కే బిగుస్తుంది. యమహా ఆర్15లో మధ్యలో లింకేజి ఉంటుంది. చక్రానికీ షాకబ్జర్‌కూ ఉన్న నిష్పత్తి రెండింట్లో ఒకటి కాదు. ఒక బండిలో పొందిగ్గా ఉన్న స్ప్రింగు రెండోదానిలో ఇనుప కడ్డీలా బిగుసుకోవచ్చు, లేదా మొదటి బ్రేకుకే అడుగంటవచ్చు. ఇక రెండు షాకబ్జర్ల బళ్లలో చక్రంతో పాటు దాదాపు అంతే దూరం షాకబ్జరూ కదులుతుంది కాబట్టి వాటి స్ప్రింగుల అంకెలు మోనోషాక్ అంకెల్లో నాలుగో వంతో, ఐదో వంతో ఉంటాయి. ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

షాకబ్జర్ పై రంధ్రం నుంచి కింది రంధ్రానికి పొడవు కూడా అంతే ముఖ్యం. నిష్పత్తి 2.5 అయితే షాకబ్జర్ 4 మి.మీ. పొడవు పెరిగితే బండి వెనక భాగం 10 మి.మీ. లేస్తుంది. కావాలని చేస్తే అది మంచి ఆయుధం. ముందు ఫోర్కు కాస్త నిటారుగా మారి బండి మలుపులోకి చురుగ్గా తిరుగుతుంది. తెలియక జరిగితే బ్రేకు వేసినప్పుడు వెనక చక్రం ఊగుతుంది, గొలుసు స్వింగ్ ఆర్మ్‌ను ఒరుసుకుంటుంది. బుష్షు కొలత చాలక వాషర్లు పేర్చి బిగించిన షాకబ్జర్‌తో ఎవరూ ట్రాక్ మీదికి వెళ్లకూడదు. అది విరిగేది నిలబడి ఉన్నప్పుడు కాదు, నిండు వేగంలో.

స్ప్రింగు తేలాక ఏ మరలకు డబ్బు పెట్టాలన్నది చూడాలి. కొత్త రేసర్‌కు ముందు కావాల్సింది రీబౌండ్ మర. నలిగిన షాకబ్జర్ ఎంత వేగంగా తిరిగి విచ్చుకోవాలో అది నిర్ణయిస్తుంది. ట్రాక్ మీద 90 కి.మీ. వేగంతో, అంటే క్షణానికి 25 మీటర్లు వెళ్తున్న బండికి రెండున్నర మీటర్లకొక చిన్న ఎగుడు తగులుతోందనుకుందాం. ఒక ఎగుడు నుంచి తేరుకోవడానికి షాకబ్జర్‌కు దొరికేది క్షణంలో పదో వంతు. అది చాలక పూర్తిగా విచ్చుకోకముందే రెండో ఎగుడు వచ్చి మరికాస్త నొక్కుతుంది, మూడోది ఇంకాస్త. నాలుగైదు దాటేసరికి కదలడానికి చోటు లేక చక్రం ఎగిరిపడుతుంది. రైడర్‌కు మాత్రం స్ప్రింగు గట్టిదనే అనిపిస్తుంది, నిజానికి తప్పు రీబౌండ్ మరీ మందంగా ఉండటంలో ఉంది. అంచులు విరిగి, మీటరుకొక గుంత పడిన కొండ తారు రోడ్డు మీద 36 కి.మీ. వేగంతో వెళ్లినా లెక్క ఇదే. క్షణానికి 10 మీటర్లు, గుంతకూ గుంతకూ మధ్య మళ్లీ క్షణంలో పదో వంతు. వానాకాలం తర్వాత కొండల్లో బండి నడిపిన ప్రతివారికీ ఈ నడుము నొప్పి అనుభవమే, దాని పేరు తెలియకపోయినా.

కంప్రెషన్ మరలు రెండో దశ. ఖరీదైన షాకబ్జర్లలో తక్కువ వేగానికి ఒకటి, ఎక్కువ వేగానికి ఒకటి ఉంటాయి. ఈ వేగం బండి వేగం కాదు, షాకబ్జర్ కడ్డీ కదిలే వేగం. మలుపులోంచి బయటపడుతూ యాక్సిలరేటర్ తిప్పినప్పుడు వెనక భాగం మెల్లగా కూర్చోవడం తక్కువ వేగపు కదలిక, బండి వంద మీదున్నా సరే. ఇరవైలో వెళ్తూ గుంతలో పడితే వచ్చేది ఎక్కువ వేగపు దెబ్బ. ఈ తేడా ఒంటికి పట్టేదాకా నాలుగు మరల షాకబ్జర్ కొని ప్రయోజనం లేదు. మరలు ఎక్కువైనకొద్దీ తప్పు అమరికలూ ఎక్కువవుతాయి. స్ప్రింగు మార్చే వీలు, రీబౌండ్ మర, పొడవు సర్దుబాటు ఈ మూడూ ఉన్న సాదా షాకబ్జర్ మొదటి రెండేళ్లకు ధారాళంగా సరిపోతుంది. కొన్ని బళ్లలో ఇందులో కొంత ముందే ఉంది. 2023లో వచ్చిన మూడో తరం 390 డ్యూక్‌లో వెనక రీబౌండ్, ప్రీలోడ్ రెండూ మార్చుకోవచ్చు. టీవీఎస్ ఆర్ఆర్ 310కు 2021 నుంచి సర్దుబాటు సస్పెన్షన్ ఉన్న కిట్‌ను కంపెనీయే ఇస్తోంది. అలాంటి బండి ఉన్నవారు ముందు దాన్ని పూర్తిగా వాడుకుని చూడాలి.

పక్కన ఉండే గ్యాస్ డబ్బా సంగతి. నూనె వేడెక్కితే పల్చబడుతుంది, ఒత్తిడి లేకపోతే బుడగలు కట్టి నురగవుతుంది. నురగకు పిస్టన్‌ను ఆపే సత్తా లేదు. అందుకే నూనెను నైట్రోజన్ వాయువుతో, సుమారు 10 బార్ లేదా అంతకు మించిన ఒత్తిడితో అదిమి ఉంచుతారు. డబ్బా వల్ల నూనె ఎక్కువ పడుతుంది, చల్లారే చోటూ దొరుకుతుంది. అయితే మద్రాస్ ట్రాక్ మీద ఆరు ల్యాపుల రేసంటే 22 కి.మీ. పైచిలుకు. 150 సీసీ బండి, నున్నటి తారు, అంత చిన్న దూరం. డబ్బా లేని మంచి షాకబ్జర్ అంతసేపు అలసిపోదు. మట్టి దారుల ర్యాలీకి వెళ్లేవారికి మాత్రం డబ్బా అవసరమే.

ఆ మట్టి దారి మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే బొర్రా కుర్రాడి సహజమైన బలం అక్కడే ఉంది. కటికి జలపాతం వైపు జీపులు నడిచే రాళ్ల దారి మీద షాకబ్జర్ ఒక్క నిమిషం ఊరుకోదు. హీరో ఎక్స్‌పల్స్ 200కు మామూలుగా ముందు 190, వెనక 170 మి.మీ. కదలిక. 2020లో వచ్చిన ర్యాలీ కిట్‌తో అది 250, 220 అవుతుంది. సర్దుబాటు మరలూ వస్తాయి. ఇలాంటి బండికి స్యాగ్‌ను ట్రాక్ అంకెలతో చూడకూడదు. మొత్తం కదలికలో సుమారు మూడో వంతు, అంటే 220లో 66 నుంచి 73 మి.మీ. దాకా రైడర్ బరువుకు దిగాలి. చక్రం గుంతలోకి దిగి నేలను అందుకోవడానికి ఆ దూరం కావాలి. కంపెనీ ఆమోదంతో ఒక కిట్ దొరుకుతుంటే, విడిగా విదేశీ షాకబ్జర్ కోసం వెతకడం కన్నా దానితో మొదలుపెట్టడం మేలు. ముందు ఫోర్కు, వెనక షాకబ్జర్ ఒకదానికొకటి కుదిరేలా ఇస్తారు కాబట్టి సగం తలనొప్పి తప్పుతుంది.

కొనే చోట జాగ్రత్తలు కొన్ని. స్వీడన్‌లో కెంత్ ఓలిన్ 1976లో మొదలుపెట్టిన ఓలిన్స్, బ్రిటన్ నైట్రాన్, థాయ్‌లాండ్ వైఎస్ఎస్ వంటి పేరున్న కంపెనీల షాకబ్జర్ ధర 150 సీసీ బండి ధరలో మూడో వంతుకు చేరడం వింత కాదు. ఆ ధర భరించలేక చవక రకాల వైపు చూసేవారు ఒకటి గమనించాలి. వాటిలో కొన్నింటికి పక్కన మెరిసే డబ్బా ఉంటుంది గానీ దాని నుంచి లోపలికి దారి ఉండదు. విప్పి నూనె మార్చే వీలు లేకుండా మూతను నొక్కేసినదైతే అది ఒక్క సీజన్ సరుకే. పాత షాకబ్జర్ కొంటే కడ్డీ మీద గోరు పెట్టి రాయాలి. గోరుకు గీత తగిలిందంటే సీలు ఎన్నాళ్లో నిలవదు. కడ్డీ చుట్టూ నూనె తడి, నొక్కినప్పుడు మొదటి కాస్త దూరం ఎదురు లేకుండా జారడం, చప్పరించినట్టు చప్పుడు రావడం ఇవన్నీ సీలు గానీ గ్యాస్ గానీ పోయిన గుర్తులు. స్ప్రింగు మీది అంకె కొలమానం కూడా చూడాలి. 100 న్యూటన్/మి.మీ. అంటే దాదాపు 10.2 కేజీ/మి.మీ. లేదా 571 పౌండ్/అంగుళం. మూడూ ఒకటే. కొలమానం చూడకుండా అంకె ఒక్కటే చూసినవాళ్లు తప్పు స్ప్రింగు తెచ్చుకుంటారు. గ్యాస్ నిండిన షాకబ్జర్‌ను ఇంటి దగ్గర విప్పాలని చూడటం మాత్రం ఎవరూ చేయకూడదు. ఆ ఒత్తిడికి మూత మొహం మీదికి ఎగిరి వస్తుంది.

మొదట చెప్పుకున్న దూరం ఓటు వేసేది ఇక్కడే. రేసులో వాడే షాకబ్జర్‌కు సీజన్‌కొకసారైనా నూనె, సీళ్లు మార్చి, నైట్రోజన్ నింపాలి. అది చేయగల మనిషి ఎక్కడున్నాడు, అతని దగ్గర ఆ మోడల్ సీళ్లు దొరుకుతాయా, మనిషి బరువుకు తగిన స్ప్రింగును కొన్నప్పుడే మార్చి ఇస్తాడా అన్నవి ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు. విశాఖ, హైదరాబాద్ లేదా చెన్నై నుంచి ఫోన్ ఎత్తి జవాబు చెప్పే మనిషి ఉన్న రెండో రకం షాకబ్జర్, ఎవరూ విప్పలేని మొదటి రకం కన్నా కొండ మీది రేసర్‌కు వందరెట్లు నయం. కొనేటప్పుడు బండి మోడల్, ఏడాది, రైడర్ బరువు, నడిపే ట్రాక్ ఈ నాలుగూ రాతపూర్వకంగా ఇచ్చి, పంపే స్ప్రింగు అంకె బిల్లు మీద రాయించుకోవాలి.

డబ్బు పరిమితంగా ఉన్నవారు, అంటే మనలో దాదాపు అందరూ, షాకబ్జర్ కన్నా ముందు మంచి టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు, ముందు ఫోర్కులో కొత్త నూనెకు, స్వింగ్ ఆర్మ్ బేరింగుల గ్రీజుకు ఖర్చు పెట్టాలి. బాగా అరిగిన బేరింగుల మధ్య కొత్త షాకబ్జర్ పెట్టి దాని గుణం తెలుసుకోవడం అసాధ్యం. ఆ తర్వాత కంపెనీ షాకబ్జర్‌కు సరిపడే వేరే స్ప్రింగు దొరికితే అదొక్కటే మార్చి చూడాలి. చాలామంది తేలికపాటి రైడర్లకు కంపెనీ స్ప్రింగే అటూ ఇటూగా సరిపోతుందని కొలతలో తేలవచ్చు. అలా తేలితే మిగిలిన డబ్బుతో ట్రాక్ మీద మరో రోజు కొనుక్కోవచ్చు. ఏ షాకబ్జరూ ఇవ్వలేని వేగం ఆ రోజు ఇస్తుంది.

కొత్తది బిగించిన రోజున ముందు మరలన్నీ పూర్తిగా మూసి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్కులు తెరిచారో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. బలవంతంగా బిగిస్తే మర లోపలి సూది చెడిపోతుంది కాబట్టి వేళ్ల బలానికే ఆపాలి. కంపెనీ సూచించిన అమరికతో మొదలుపెట్టి, నాలుగైదు ల్యాపులు నూనె వేడెక్కనిచ్చి, అప్పుడు ఒక్క మరనే రెండు క్లిక్కులు మార్చాలి. రెండు మరలు ఒకేసారి తిప్పితే బాగుపడినా పాడైనా కారణం దొరకదు. వేడి ఎంతుందో, టైరులో గాలి ఎంతో, ఏ మలుపులో ఏమనిపించిందో పక్కనే రాయాలి. తేడా తెలియకపోతే మొదటి అమరికకు తిరిగి రావాలి. పొడవు మార్చినప్పుడల్లా గొలుసు సడలింపు మళ్లీ చూసుకోవాలి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక యాక్సిల్ ఒకే వరసలోకి వచ్చినప్పుడు గొలుసు అన్నిటికన్నా బిగుస్తుంది, ఆ స్థితిలో కూడా కాస్త సడలి ఉండాలి. బోల్టులను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, మొదటి విడత నడిపాక మరోసారి చూడాలి. తీసేసిన కంపెనీ షాకబ్జర్‌ను అమ్మేయకూడదు. శుభ్రం చేసి, దాని స్యాగ్ అంకెలు చీటీ రాసి కట్టి ఇంట్లో ఉంచాలి. కొత్తది సర్వీసు కోసం పార్సిల్‌లో వెళ్లిన రోజుల్లో బండి దాని మీదే నడుస్తుంది.